మాడుగులపల్లి యాదయ్య మంద

2012 వేసవి. సూర్యాపేట పాత మార్కెట్ వెనక సందులో మా ఇల్లు. కింద మా ఆయన ధాన్యం కమీషన్ దుకాణం, పైన మేము. వంటింటికీ బాల్కనీకీ మధ్య మిగిలిన ఇరుకు జాగాలో ఒక బల్ల, దాని మీద కంప్యూటర్, కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక ఇన్వర్టర్. అదే నా ఆఫీసు. పుట్టింది మిర్యాలగూడలో, మెట్టింది సూర్యాపేటలో. రెండు చోట్లా మావాళ్ళంతా బియ్యం, ధాన్యం, పప్పులు అమ్ముకునేవాళ్ళే. నేనొక్కదాన్నే దారి తప్పి ఇతరుల బ్లాగుల్లో గెస్ట్ పోస్టులు రాసే పనిలో పడ్డాను.

"మీ కోడలు ఏం పని చేస్తది?" అని ఎవరైనా అడిగితే మా అత్తగారు తడుముకోకుండా చెప్పేది: "ఒకరి ఇంట్ల కూసొని ఇంకొకరి ముచ్చట రాస్తది." ఆవిడ వెక్కిరింపుగానే అనేది గానీ, గెస్ట్ పోస్ట్ అంటే ఏమిటో అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. ఆ రోజుల్లో తెలుగులో బ్లాగులు జోరుగా ఉండేవి. వంటల మీద, తోటల మీద, ఊరి కబుర్ల మీద ఎవరికి తోచింది వాళ్ళు రాసుకునేవారు. బాగా చదివే జనం ఉన్న బ్లాగులో బయటి మనిషి రాసే వ్యాసమే గెస్ట్ పోస్ట్. బ్లాగు నడిపేవాళ్ళకు ఒక రోజు రాత తప్పుతుంది, చదివేవాళ్ళకు కొత్త విషయం దొరుకుతుంది. రాసినవాళ్ళకు చివర రెండు వాక్యాల పరిచయం, అందులో ఒక లింక్. ఆ లింక్ నొక్కితే ఫలానా దుకాణం సైటు తెరుచుకుంటుంది. ఆ ఒక్క లింక్ కోసమే ఈ భాగోతమంతా.

ఈ పనిలో నాకు మంచి పేరే ఉండేది. రాయబోయే బ్లాగు పాత పోస్టులన్నీ చదివేదాన్ని. పోస్టుల కంటే కింద ఉండే కామెంట్లు ఎక్కువ శ్రద్ధగా చదివేదాన్ని. ఎవరు ఏం అడిగారు, ఏ ప్రశ్నకు జవాబు రాలేదు అని చూసుకుని, ఆ జవాబే నా వ్యాసంగా రాసేదాన్ని. అమ్మదలచిన సరుకు పేరు వ్యాసంలో ఎత్తేదాన్ని కాదు. పోస్టు వచ్చాక నాలుగు రోజులు అక్కడే ఉండి కామెంట్లకు మర్యాదగా బదులిచ్చేదాన్ని. అన్నిటికంటే పెద్ద కిటుకు మొదటి పేరాలో ఉంటుంది. సలహాతో మొదలుపెడితే పాఠకుడు ఆవులిస్తాడు. మనిషితో మొదలుపెడితే కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. మా పనిలో ఆ మనిషిని 'కేస్' అనేవాళ్ళం. 'కోదాడలో ఒక ఇల్లాలు', 'మిర్యాలగూడలో ఒక మిల్లు గుమాస్తా' అంటూ నా కేసులన్నీ నేనే పుట్టించేదాన్ని. అందరూ చేసేదే కదా అని దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ వేసవిలో కోదాడ నుంచి నాగేశ్వరరావు బాబాయి ఫోన్ చేశారు. మా ఆయనకు వరసకు బాబాయి. టార్పాలిన్ పట్టాలు, తాళ్ళు, వలలు అమ్ముతారు.

"అమ్మా ఉమా, మావాడు సతాయిస్తే దుకాణానికి వెబ్‌సైట్ పెట్టించాను. ఈగ కూడా వాలట్లేదు. నువ్వేవో గెస్టు పోస్టులు రాస్తావంట కదా, ఓ చెయ్యి వెయ్యమ్మా."

"ఎవరు కొంటారు బాబాయిగారూ మీ పట్టాలు?"

"లారీలవాళ్ళు, మిర్చి ఆరబోసుకునే రైతులు. గొర్రెలవాళ్ళు కూడా వస్తారమ్మా, వానాకాలం ముందు."

గొర్రెలవాళ్ళు అనగానే నాకు 'మంద ముచ్చట్లు' బ్లాగు గుర్తొచ్చింది. దాన్ని నడిపేది మునగాలలో ఉండే సైదులు సార్. బడిపంతులు. ఆయన తండ్రి, తాత, ముత్తాత అందరూ గొర్రెలు కాసినవాళ్ళే. గొర్రెల రోగాలు, మేత, మందలు వలసపోయే దారుల్లో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి వంటివి ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే రాసేవారు. చదివేది గొర్రెలు కాసేవాళ్ళు కాదు, వాళ్ళ కొడుకులు. హైదరాబాదులోనో దుబాయిలోనో ఉద్యోగాలు చేసుకుంటూ, ఇది చదివి సాయంత్రం ఫోన్ చేసి ఊళ్ళో ఉన్న నాయనకు చెప్పేవారు. అలా ఆ బ్లాగు మాట చదువు రానివాళ్ళ దాకా వెళ్ళేది. నాలాంటివాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

నేను ఫోన్ చేసి అడిగితే సైదులు సార్ మొదట ఒప్పుకోలేదు.

"నా బ్లాగుల అడ్వటైజ్‌మెంట్లు ఉండయి మేడం. సదివేటోళ్ళందరు మా ఇండ్లల్లోళ్ళే. నేను రాసింది నమ్మి గొర్లకు మందు తాపుతరు. జర అటిటయితె రేపు ఏ పెండ్లిల కూసున్నా నన్నే అడుగుతరు."

"సార్, చివర ఒక్క లైను అంతే. మిగతాదంతా గొర్లకు పనికొచ్చేదే రాస్తాను."

"పనికొచ్చేదైతె సరే. గని ఉత్త ముచ్చట వద్దు మేడం."

ఉత్త ముచ్చట అంటే కల్లమాట అని తెలియక, సోది అనుకుని, "అబ్బే, నా దగ్గర అవేం ఉండవు సార్" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

వడగండ్ల వాన వస్తే చిన్న గొర్రెపిల్లలను ఎలా కాపాడుకోవాలని కామెంట్లలో ఎవరో అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. నా విషయం దొరికింది. పట్టాను గాలి వచ్చే వైపు వంచి ఎలా కట్టాలి, చుట్టూ నీళ్ళు పోయే కాలువ ఎలా తీయాలి, పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చావకుండా ఎలా విడదీయాలి, అన్నీ పశువుల డాక్టరును అడిగి, ఒకటికి రెండుసార్లు చూసుకుని రాశాను. అందులో తప్పు పట్టినవాళ్ళు ఇవాళ్టికీ లేరు. ఇక మొదటి పేరా మాత్రం టీ తాగుతూ రాసేశాను.

చిన్నప్పుడు మిర్యాలగూడ నుంచి నల్లగొండ పోయే బస్సు మాడుగులపల్లిలో ఆగేది. నేనెప్పుడూ దిగలేదు, పేరు మాత్రం నచ్చేది. అందుకని నా మనిషిని ఆ ఊరివాణ్ణి చేశాను. పేరు యాదయ్య. అరవై దాటిన ఒంటరి మనిషి. ఒక సాయంత్రం వడగండ్ల వానకు మంద మొత్తం పోయింది. నేను రాసిన వాక్యాలు ఇవీ: "వాన వెలిశాక యాదయ్య ఒక్కొక్క గొర్రెనూ పేరు పెట్టి పిలిచాడు. ఒక్కటీ లేవలేదు. మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. తోలుకుపోవడానికి ఏమీ లేదు. కర్రను గోడకు ఆనించి, దాని పక్కనే కూర్చుండిపోయాడు." రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. నా రాతకు నేనే ఏడ్చుకుని, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను.

పోస్టు వచ్చింది. సైదులు సార్ బ్లాగులో అన్ని కామెంట్లు నేనెప్పుడూ చూడలేదు. బాబాయి ఉబ్బితబ్బిబ్బైపోయి ఫోన్ చేశారు. "ఏం రాశావో గానీ అమ్మా, ఫోన్లు ఆగట్లేదు. హైదరాబాదు నుంచి పిల్లలు చేసి, మా నాన్నకు ఒక పట్టా ఇవ్వండి అంటున్నారు." నాకు కొమ్ములు మొలిచాయి. మా అత్తగారితో కూడా రెండు మాటలు గొప్పగా చెప్పుకున్నాను.

కామెంట్లు చదువుతూ ఉంటే ఒక సంగతి గమనించాను. పట్టా గురించి అడిగేవాళ్ళు తగ్గారు. అందరూ యాదయ్యనే అడుగుతున్నారు. "యాదయ్య పెద్దనాయిన ఇప్పుడెట్లున్నడు?" "తింటున్నడా?" "ఆయినకు ఎవరన్న ఉన్నరా?" అతిథిగా వచ్చినదాన్ని, జవాబు ఇవ్వకపోతే బాగుండదు. "ధైర్యంగానే ఉన్నారు. మళ్ళీ మంద నిలబెడతానంటున్నారు" అని రాసి, చివర ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

గొర్రెలు కాసే ఇళ్ళలో పుట్టినవాళ్ళెవరూ ఆ మాట ఊరికే అనరట. ఆ సంగతి నాకు తెలియదు. మంద పోయిన మనిషి కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడడు, ఎవరూ పలకరించి ఇబ్బంది పెట్టరు. 'మళ్ళ మంద నిలవెడత' అని ఎప్పుడైతే ఆయన నోటి నుంచి వస్తుందో, అప్పుడు తెలిసినవాళ్ళందరూ తలా ఒక ఆడపిల్లను, అంటే ఆడ గొర్రెపిల్లను, నొసట పసుపు పెట్టి తెచ్చి ఇవ్వాలి. అడగడం అంటూ వేరే ఉండదు, ఆ మాటే అడగడం. నేను నవ్వు బొమ్మతో సహా ఊళ్ళన్నిటినీ గొర్రెపిల్లలు అడిగాను.

సైదులు సార్ ఫోన్ చేశారు. గొంతులో అంత సంతోషం నేను ముందు వినలేదు.

"మేడం, మనోళ్ళు గొర్రెపిల్లలు పంపుతున్నరు! నిన్నటి నుంచి వస్తనే ఉన్నయి. మా వాకిలి సాలుతలేదు. గిట్ల అయితదని నేను అనుకోలే. జర యాదయ్య నంబరియ్యుండ్రి, ఆటోల ఏసుకొనిపోయి అప్పజెప్పొస్తం."

"ఆయనకు ఫోన్ లేదు సార్" అన్నాను.

"లేకుంటేంది, మాడుగులపల్లి ఏమన్న దుబాయా? పోయి ఊర్లె అడుగుతం. మంద పోయిన యాదయ్య అంటె ఎవలన్న సూపియ్యరా?"

గొర్రెపిల్లలు నింపిన ఆటోతో ఈయన ఆ ఊళ్ళోకి వెళ్ళి, ఇంటింటికీ తిరిగి లేని మనిషిని అడుగుతాడు. ఊరు నవ్వుతుంది. పిల్లలను ఇచ్చినవాళ్ళకు తిరిగొచ్చి ఏం చెబుతాడు? ఆయన బతుకంతా వాళ్ళ మధ్యే. "మీరు ఎక్కడికీ పోకండి సార్, నేనే వస్తున్నా మునగాలకు" అని పెట్టేశాను.

ముందు బాబాయికి చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా కంగారు పడలేదు. "దానికంత హైరానా ఎందుకమ్మా? మాడుగులపల్లిలో ఒక్క ముసలాయన దొరకడా? పేరు యాదయ్యే అయితే మరీ మంచిది. నాలుగు మాటలు నేర్పి నిలబెడితే పోలా?" అన్నారు. ఛీ అనలేదు నేను. బస్సులో కూర్చుని సగం దారి దాకా ఆ సంగతే ఆలోచించాను. మిర్యాలగూడలో మా పెద్దన్నయ్య మిల్లుకు ఆ వైపు నుంచి హమాలీలు వస్తారు కదా, వాళ్ళ తండ్రులలో ఎవరైనా... అని లెక్కలు కూడా వేశాను. మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువ సిగ్గుపడేది రాసినందుకు కాదు, ఆ బస్సు ప్రయాణానికి.

మునగాలలో దిగి, దారి అడుగుతూ వాళ్ళింటికి వెళ్ళాను. సందు మొదట్లోనే అరుపులు వినిపించాయి. వాకిలి నిండా గొర్రెపిల్లలు, ప్రతిదాని నొసటా పసుపు. సైదులు సార్ నలభై ఏళ్ళ మనిషి, లుంగీ ఎగగట్టి నీళ్ళ తొట్టి నింపుతున్నారు. అరుగు మీద తలపాగాలు కట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. యాదయ్యకు పిల్లలను అప్పజెప్పేటప్పుడు కులం తరఫున పక్కన ఉండాలట, అందుకు వచ్చారు. సైదులు సార్ వాళ్ళమ్మ లచ్చమ్మ ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు తాపుతోంది.

"నువ్వేనా బిడ్డా యాదయ్య ముచ్చట రాసింది? మా సైదులు సదివి వినిపిచ్చిండు. ఆ కర్ర గోడకు పెట్టి కూసున్నడని విన్నప్పటి సంది నాకు ముద్ద దిగుతలేదు. మా ఆయన గూడ ఒకసారి గట్లనే కూసున్నడు." ఒళ్ళోని పిల్లను నా వైపు తిప్పింది. "ఇది నాది. తల్లి సస్తె నేనే సాదిన. ఇస్తుంటె పానం గుంజింది గని, ఆయినకు నా తోటి పనుందా, దీని తోటి పనుందా!"

మజ్జిగ ఇచ్చింది. తాగాను. అంతకంటే ముందే చెప్పి ఉండాల్సింది, మజ్జిగ తాగాక చెప్పడం ఇంకా కష్టమైంది.

"అమ్మా, యాదయ్య లేడు" అన్నాను.

"ఎటు పోయిండు?"

"ఎక్కడికీ పోలేదు. అసలు లేడు. నేనే అల్లి రాసిన. వ్యాసం బాగుంటదని."

సైదులు సార్ చేతిలో బకెట్ అలాగే ఉంది. నీళ్ళు కారి కాళ్ళ మీద పడుతున్నా ఆయన చూసుకోలేదు. తలపాగాల పెద్దమనుషుల్లో ఒకాయన ఇంకో ఆయన వైపు తిరిగి, "ఏమంటున్నది ఈమె?" అని అడిగాడు. సైదులు సార్ చివరికి నెమ్మదిగా అన్నారు: "ఉత్త ముచ్చట వద్దని చెప్పిన గద మేడం."

అరిచినా బాగుండేది. తిట్టినా బాగుండేది. బడిలో లెక్క తప్పు చేసిన పిల్లతో అన్నట్టు అన్నారు. తల ఎత్తి ఎవరి మొహమూ చూడలేకపోయాను.

లచ్చమ్మకు విషయం ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. "అంటే... ఆయిన గొర్లు సావలేదా?" అంది.

"గొర్లే లేవమ్మా. మనిషే లేడు."

"వడగండ్లు పడలేదా?"

"లేదమ్మా."

ఆమె మొహం ఎర్రబడుతుందేమో, చేతిలో సీసా నా మీదికి విసురుతుందేమో అని చూశాను. ఆమె పెద్దగా ఊపిరి వదిలి, పిల్ల నెత్తి నిమిరింది.

"ఇగ మంచిదే గద బిడ్డా. ఎవ్వల మంద పోలేదన్నట్టే గద. నేను నాలుగొద్దుల సంది ఉత్తగనే ఏడ్సిన."

అంతే అంది. నవ్వింది కూడా. నేను అక్కడ నిలబడలేకపోయాను. వాకిలి దాటి సందులోకి వచ్చి ఒక గోడ పట్టుకుని ఏడ్చాను. నా రాతకు నేను ఏడ్చుకున్న ఏడుపు కాదు ఇది.

ఇక ఆ పిల్లల సంగతి. ఎవరివి వాళ్ళకు పంపేద్దామని నేనంటే పెద్దమనుషులు ఒప్పుకోలేదు. పసుపు పెట్టి ఇచ్చిన పిల్లను మళ్ళీ సొంత మందలో కలపరట. "ఉండనియ్యుండ్రి ఈడనే. ఎవలకో ఒకలకు అక్కరొస్తది" అని లచ్చమ్మే తీర్పు చెప్పింది. ఆ పిల్లలకు వాడకట్టులో పేరు కూడా పడింది, యాదయ్య మంద అని. మేపుడు ఖర్చు నేను పెట్టుకుంటానంటే సైదులు సార్ వద్దన్నారు.

ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు రాసి, నా పేరుతో వేయమని ఆయనకు పంపాను. ఆయన వేయలేదు. తనే రాశారు. "యాదయ్య అనేటాయిన లేడు. నేను అరుసుకోకుండ పోస్టు ఏసిన. సుట్టాన్ని ఇంట్లకు పిలిచినోడే ఆ సుట్టం జేసిన దానికి జవాబు చెప్పాలె. తప్పు నాది. పిల్లలనిచ్చినోళ్ళు నన్ను మాఫ్ చెయ్యుండ్రి." నా పేరు ఎక్కడా లేదు. కింద కామెంట్లలో తిట్లన్నీ ఆయనకే. "మాస్టరువై ఉండి గిదేం పని?" అన్నారు. "ఇగ నీ బ్లాగు సదువ" అని కొందరు చెప్పి మరీ వెళ్ళారు. ఒక్కరైనా నన్ను అంటారేమో అని చివరి దాకా చదివాను. నా పేరైనా ఎవరికీ గుర్తు లేదు, యాదయ్య పేరే అందరికీ గుర్తుంది.

"పోనీలేమ్మా, జనం మర్చిపోతారు. పట్టాలు మాత్రం బాగా పోయాయి" అన్నారు బాబాయి. ఆయన నా మనసు తేలిక చేద్దామనే అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత గెస్ట్ పోస్టులు మానలేదు. వచ్చిన పని అదే. కానీ కేసులు పుట్టించడం మానేశాను. ఎవరి గురించి రాయాలన్నా వాళ్ళింటికి వెళ్ళి, కూర్చుని, మాట్లాడి, వాళ్ళ ఒప్పుదలతో రాశాను. ఎవరూ దొరక్కపోతే మనిషి లేకుండానే మొదలుపెట్టాను, పాఠకుడు ఆవులిస్తే ఆవులించనీ అనుకున్నాను. రాత మునుపటంత బాగుండటం లేదని ఒకరిద్దరు నన్ను వదిలేశారు కూడా. నేర్చుకున్నది ఇంతేనని ఇక్కడితో ముగించేదాన్ని, మరుసటి ఏడాది వానాకాలం రాకపోయి ఉంటే.

పుట్టింట్లో ఏదో వ్రతముంటే మిర్యాలగూడ వెళ్ళాను. అక్కడ సైదులు సార్ బ్లాగు తెరిచాను. మానలేని అలవాటు. దామరచర్ల దగ్గర ఒక తండా పక్కన మంద మీద పిడుగు పడిందని, కాపరి ఒక్కడే మిగిలాడని, ఆయన మళ్ళీ మంద నిలబెడతానంటున్నాడని రాశారు. ఊరి పేరు, మనిషి పేరు, అన్నీ ఉన్నాయి. కింద మొదటి కామెంటు: "సార్, ఈయనైనా ఉన్నడా?" దాని కింద ఇంకొకరు: "ఫోటో పెట్టుండ్రి." ఆ కింద మరొకరు: "పిల్లను ఇస్తం గని ముందు మనిషిని సూపియ్యుండ్రి." సాయంత్రానికి సైదులు సార్ ఫోటో పెట్టారు. పొలంలో పడి ఉన్న గొర్రెల మధ్య ఒక ముసలాయన కెమెరా వైపు చూస్తూ నిటారుగా నిలబడ్డాడు. దానికీ నమ్మనివాళ్ళు ఉన్నారు, ఏ ఫోటో అయినా తెచ్చి పెట్టొచ్చుగా అని.

మర్నాడు పొద్దున్నే మా అన్నయ్య బండి అడిగి ఆ తండాకు వెళ్ళాను. ఆ కాపరి పేరు ఇక్కడ రాయను, పేర్లు వాడుకున్నది చాలు. గుడిసె ముందు మంచం మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి, చేతిలో ఫోన్ చూసి, లేచి నిలబడ్డాడు. తుండుగుడ్డ భుజం మీద సర్దుకున్నాడు.

"మీరు గూడ ఫోటో తీస్తరా? ఇట్లనే నిలవడాల్నా, ఆడికి రావాల్నా?" అని అడిగాడు.

మంద పోయి మూలపడి ఏడవాల్సిన మనిషి, తాను ఉన్నానని వచ్చినవాళ్ళందరికీ నిలబడి చూపిస్తున్నాడు. ఆ పని ఆయనకు పెట్టింది నేను. "వద్దయ్యా, కూర్చో" అన్నాను. నేనూ ఆ నేల మీదే కూర్చున్నాను.

ఇంటికొచ్చి బ్లాగులో కామెంటు రాయబోయాను. 'ఆయన ఉన్నాడు, నేను చూసి వచ్చాను' అని టైపు చేసి, కింద నా పేరు చూసి, చెరిపేశాను. యాదయ్య పోస్టు మీదున్న పేరే అది, ఆ చోట నా సాక్ష్యం ఎవరికి పనికొస్తుంది? ఉన్న మనిషి కూడా నేను చెబితే లేనివాడైపోతాడు. మొహం చెల్లకపోయినా సైదులు సార్‌కు ఫోన్ చేశాను. ఏడాది తర్వాత అదే మొదటిసారి. చూసి వచ్చానని చెప్పాను. ఆయన, "ఫోన్ మా అవ్వకు ఇస్త, ఆమెకే చెప్పుండ్రి మేడం. యాదయ్య మంద ఆమె చేతుల్నే ఉన్నది. కామెంట్లల్లోళ్ళ మాట నాకొద్దు, ఆమె సరేనంటె పంపుత" అన్నారు.

వెనక గొర్రెల అరుపులు వినిపించాయి. గొంతులు మారాయి, పెద్దవైనట్టున్నాయి.

"ఎవలు, ఉమనా? బాగున్నవా బిడ్డా?" అంది లచ్చమ్మ. అదే గొంతు. "పిడుగు పడ్డదంట గద. నువ్వు పోయినవా?"

"పోయిన అమ్మా."

"నీ కండ్లతోని సూసినవా?"

"చూసిన."

"ఉన్నడా మరి?"

ఆ ఏడాదిలో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. నేను చెప్పేది నమ్మడానికే అడుగుతోందని గొంతులోనే తెలుస్తోంది. ఇంకోసారి అడిగింది.

"ఉన్నడమ్మా" అన్నాను.

"అయ్యో" అంది. "ఈయిన గూడ లేకుంటె ఎంత బాగుండు బిడ్డా."